టెక్సాస్ హిల్ కంట్రీ జింకకి .243లో ఏ బుల్లెట్ వాడాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చేతిలో .243 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్ ఉంది. శాన్ ఆంటోనియోకి పైన హిల్ కంట్రీలో వేటకి భూమి లీజు తీసుకున్నారు, ఫీడర్ (జింకలకి మేత చల్లే పెట్టె) బ్లైండ్‌కి (వేటగాడు దాక్కుని కూర్చునే గది) వంద గజాల్లో ఉంది. కొట్టాల్సింది వైట్‌టెయిల్ ఆడ జింకలు, కుదిరితే ఒక చుక్కల దుప్పి. షాపులో ఒకాయన 58 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ ఇచ్చి, దీని వేగానికి జింక ఉన్నచోటే కూలిపోతుందన్నాడు. లీజులో ఇంకొకాయన .243 చాలదు, .300 మాగ్నమ్ కొనమన్నాడు.

ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ రైఫిల్ సరిపోతుంది. అందులోకి 95 నుంచి 100 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ కొనండి. రెమింగ్టన్ కోర్‌లాక్ట్ 100, విన్‌చెస్టర్ పవర్ పాయింట్ 100, ఫెడరల్ ఫ్యూజన్ 95, ఈ మూడింట్లో మీ బ్యారెల్‌కి ఏది నప్పితే అది. కారణం కూడా చెబుతాను, అది తెలిస్తే రేపు షాపులో ఇవి లేకపోయినా ఉన్నవాటిలోంచి మీరే సరైనది తీసుకోగలరు.

హిల్ కంట్రీ వైట్‌టెయిల్ చిన్న జంతువు. ఎదిగిన ఆడది ప్రాణంతో 80 నుంచి 100 పౌండ్లు తూగుతుంది, మన ఊళ్లో బాగా మేపిన పొట్టేలంత. నెట్‌లో దొరికే బుల్లెట్ సలహాల్లో చాలా భాగం ఎల్క్, మూస్ లాంటి భారీ జింక జాతుల్ని కొట్టేవాళ్లకో, ఉత్తరాదిలో 250 పౌండ్లు దాటే మగ జింకల కోసమో రాసినవి. అవి ఇక్కడ పనికిరావు. ఈ జింక ఛాతీ ఈ పక్క నుంచి ఆ పక్కకి జానెడు, మహా అయితే జానెడు మీద రెండు వేళ్లు. అందులో ఉన్నది చర్మం, సన్నటి పక్కటెముక, గాలి నిండిన ఊపిరితిత్తులు. బుల్లెట్‌కి అడ్డు తగిలే సరుకు చాలా తక్కువ. అందుకే లోపలికి దిగిన మొదటి రెండు అంగుళాల్లోనే అది విచ్చుకోవాలి. ఎల్క్ భుజం ఎముక పగలగొట్టడానికి తయారైన గట్టి బుల్లెట్ విచ్చుకునేలోపే అవతలి పక్క నుంచి బయటపడిపోతుంది, జింక చిన్న కన్నంతో పొదల్లోకి పారిపోతుంది.

సాఫ్ట్ పాయింట్ పని చేసే తీరు ఇలా ఉంటుంది. లోపల సీసం, పైన రాగి తొడుగు. ఆ తొడుగు ముక్కు దగ్గర పల్చగా ఉండి వెనక్కి పోయేకొద్దీ మందమవుతుంది. తడి కండలోకి దిగగానే ఎదురయ్యే ఒత్తిడికి ముక్కు నలిగి వెనక్కి ముడుచుకుంటుంది. పావు అంగుళం కంటే సన్నగా ఉన్న బుల్లెట్ దాదాపు అర అంగుళం వెడల్పవుతుంది. ఇదంతా వేగం మీద ఆధారపడి ఉంటుంది. తగిలే సమయానికి వేగం సెకనుకు 1,800 అడుగుల కంటే తక్కువుంటే చాలా సీసపు బుల్లెట్లు సరిగ్గా విచ్చుకోవు. 3,000 దాటి ఉండగా ఎముకకి తగిలితే సాదా తొడుగు, సీసం విడిపోయి పైపైనే చిట్లిపోతాయి. అంటే డబ్బా మీద అచ్చేసిన వేగం కాకుండా జింకకి తగిలేటప్పటి వేగం చూడాలి.

.243లో 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ బ్యారెల్ కొన దగ్గర 2,960 అడుగులతో బయల్దేరుతుంది. 100 గజాల్లో సుమారు 2,700, 200 గజాల్లో 2,450, 300 గజాల్లో 2,215. మీ బ్యారెల్ 24 అంగుళాల కంటే పొట్టిదైతే ఇందులోంచి కొంత తగ్గించుకోండి. ఎలా చూసినా 300 గజాల దాకా ఆ బుల్లెట్ పని చేసే హద్దులోనే ఉంటుంది, మీ ఫీడర్ దూరంలో అయితే సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. దూరానికి ఇంత శక్తి, వెయ్యి ఫుట్ పౌండ్లు ఉండి తీరాలి అనే లెక్క మీకు తరచూ వినిపిస్తుంది. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. బుల్లెట్ విచ్చుకోకపోతే రెండు వేల ఫుట్ పౌండ్లున్నా అవతలి మట్టిలోకే పోతాయి.

ఇక 58 గ్రెయిన్ల సంగతి. .243లో ఉన్న చిక్కు ఏమిటంటే ఒకే క్యాలిబర్‌లో రెండు పూర్తిగా వేరే పనులకి బుల్లెట్లు దొరుకుతాయి: నక్కలు, కయోటీలు, నేల ఉడతల్లాంటి చిన్న జీవాలకి ఒక రకం, జింకలకి ఒక రకం. 58 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ మొదటి రకం. 3,750 అడుగులతో బయల్దేరి, తగలగానే ముక్కలైపోవాలనే దాన్ని తయారుచేశారు. పక్కటెముకల మధ్య సరిగ్గా పడితే జింక నిజంగానే ఉన్నచోట కూలిపోతుంది, షాపులో ఆయన చూసింది అదే అయ్యుంటుంది. జింక అర అడుగు కదిలి అదే బుల్లెట్ ముందుజబ్బ ఎముక మీద పడితే పైన దోసెడంత గాయం చేసి అక్కడే ఆగిపోతుంది, ఊపిరితిత్తుల దాకా పోదు. ఆ జింక మూడు కాళ్ల మీద పారిపోయి రోజుల తరబడి నరకం అనుభవించి చస్తుంది, మీకు దొరకదు.

బరువు ఒక్కటే చూసి కొన్నా మోసపోతారు. షెల్ఫ్‌లో పక్కపక్కన 85 గ్రెయిన్ల బార్న్స్ టీఎస్‌ఎక్స్, 87 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ ఉన్నాయనుకోండి. తేడా రెండు గ్రెయిన్లే. మొదటిది పూర్తి రాగి, జింకని ఈ పక్క నుంచి ఆ పక్కకి చీల్చుకుపోతుంది. రెండోది చిన్న జీవాల బుల్లెట్, లోపల పొడైపోతుంది. 80 గ్రెయిన్ల దగ్గరా ఇదే గొడవ: కొన్ని జింకవి, కొన్ని కావు. డబ్బా మీద ‘వార్మింట్’ అనో ‘ప్రెడేటర్’ అనో ఉన్నా, బొమ్మ కయోటీది ఉన్నా దాన్ని వెనక్కి పెట్టేయండి. ‘మ్యాచ్’ అని ఉంటే అది కాగితం మీద కన్నాలకి తయారైంది. ఒకసారి బాగా పనిచేసి ఇంకోసారి విచ్చుకోకుండా పోతుంది, నమ్మలేం. ‘ఎఫ్‌ఎమ్‌జే’ అంటే పూర్తి తొడుగున్నది, వేటకి అస్సలు వద్దు. హాలో పాయింట్ మాటకొస్తే ఆ పేరుతో జింక బుల్లెట్లూ ఉన్నాయి, మ్యాచ్ బుల్లెట్లూ ఉన్నాయి, కాబట్టి ముక్కుకి కన్నం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏమీ తేలదు. తయారీదారు దేనికి చేశాడో డబ్బా పక్కన రాసి ఉంటుంది, అది చదవండి.

ప్లాస్టిక్ ముక్కున్నవి, అంటే నోస్లర్ బాలిస్టిక్ టిప్ 95, హార్నడీ ఎస్‌ఎస్‌టీ 95 లాంటివి, జింకకి తయారైనవే. త్వరగా విచ్చుకుంటాయి, దూరానికి వేగం ఎక్కువ నిలుపుకుంటాయి. వంద గజాల్లో వాటికి ప్రత్యేకంగా దక్కే లాభం ఏమీ లేదు. పైగా 50, 60 గజాల్లో జబ్బ ఎముకకి తగిలితే మాంసం బాగా పాడవుతుంది. పొద పక్క నుంచి జింక ఎంత దగ్గరగా వస్తుందో తెలియని బ్లైండ్‌లో సాదా సాఫ్ట్ పాయింటే నయం.

బాండెడ్ అంటే సీసాన్ని, తొడుగుని విడిపోకుండా అతికించినవి. ఫ్యూజన్, నోస్లర్ అక్యుబాండ్ ఈ కోవలోవి. నోస్లర్ వాళ్లదే పార్టిషన్ అనే బుల్లెట్‌లో అతుకు ఉండదు, తొడుగు మధ్యలో అడ్డగోడ ఉంటుంది. ముందు భాగం చితికినా వెనక భాగం దూసుకుపోతుంది. 90 పౌండ్ల జింకకి ఇవి తప్పనిసరి కాదు. కానీ ఫ్యూజన్ కాస్త మెత్తగా చేసిన బాండెడ్ కాబట్టి చిన్న జింకలోనూ బాగా విచ్చుకుంటుంది. చుక్కల దుప్పి కూడా మీ లిస్టులో ఉంది కాబట్టి మూడింట్లో నా ఓటు దానికే.

పూర్తి రాగి బుల్లెట్లకి ఒక మెలిక ఉంది. రాగి సీసం కంటే తేలిక, అందుకే అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది. అవి విచ్చుకోవడానికి వేగమూ కాస్త ఎక్కువ కావాలి, 2,000 అడుగులకి తగ్గకుండా చూసుకుంటే మంచిది. ఈ రెండు కారణాలకీ రాగి తీసుకుంటే బరువు ఒక మెట్టు తగ్గించండి: .243లో 80 లేదా 85, .308లో 150 బదులు 130, 6.5 క్రీడ్‌మోర్‌లో 140 బదులు 120. సీసంలో 100 వాడాను కదా అని రాగిలోనూ అంత బరువుది వెతకొద్దు.

బుల్లెట్ పొడుగుకీ బ్యారెల్ లోపలి మెలికకీ సంబంధం ఉంది. .243లకి ఎక్కువగా 1:10 ట్విస్ట్ ఉంటుంది, అంటే పది అంగుళాలకి ఒక చుట్టు. మామూలు 100 గ్రెయిన్ల బుల్లెట్‌ని అది చక్కగా తిప్పుతుంది. 105 పైన ఉన్న సన్నటి పొడుగాటి మ్యాచ్ బుల్లెట్లకి 1:8 లాంటిది కావాలి. చాలకపోతే బుల్లెట్ గాల్లో తూలి కాగితానికి అడ్డంగా తగులుతుంది, గుండ్రటి కన్నం బదులు పొడుగాటి చిరుగు కనిపిస్తుంది. మీ ట్విస్ట్ ఎంతో తెలియకపోతే ఇంట్లోనే కొలవచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన గుడ్డ పేలిక పెట్టి వెనక నుంచి లోపలికి తోయండి. రాడ్ మీద పైవైపు ఒక గుర్తు పెట్టి, బ్యారెల్ వెనక అంచు దగ్గర టేపు చుట్టండి. ఇంకా తోస్తూ ఆ గుర్తు ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేదాకా రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో కొలవండి. అదే మీ ట్విస్ట్.

అదే లీజులో వేరే రైఫిళ్లున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. .308కి 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, .270కి 130, 7ఎంఎం-08కి 140, 6.5 క్రీడ్‌మోర్‌కి 129 నుంచి 140 మధ్య ఏదైనా. ఇవన్నీ ఈ జింకకి కావలసినదానికంటే ఎక్కువే. .30-30కి 150 గ్రెయిన్ల బుల్లెట్ 2,390తో బయల్దేరి 200 గజాల్లో 1,600కి పడిపోతుంది. తక్కువ వేగానికి తగ్గట్టు మెత్తగా చేస్తారు కాబట్టి 150 గజాల్లోపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాని గొట్టం మ్యాగజైన్‌లో గట్టి మొనదేలిన బుల్లెట్లు పెట్టకూడదు. వెనక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌కి (అడుగున మందుని అంటించే భాగం) ఆనుకుని ఉంటుంది, రైఫిల్ తన్నినప్పుడు లోపలే పేలొచ్చు. .223 టెక్సాస్‌లో చట్టబద్ధమే, .22 లాంటి రిమ్‌ఫైర్ మాత్రం వైట్‌టెయిల్‌కి కుదరదు. .223 వాడితే 60 గ్రెయిన్ల పార్టిషన్ గానీ 62 గ్రెయిన్ల ఫ్యూజన్ గానీ తీసుకోండి. బ్యారెల్ 1:9 లేదా అంతకంటే బిగుతుగా ఉండాలి, దూరం 150 గజాల్లోపు, జింక పూర్తిగా పక్కకి తిరిగి నిలబడినప్పుడే.

.300 మాగ్నమ్ ఈ పనికి అక్కర్లేదు. 150 గ్రెయిన్ల సాదా బుల్లెట్ దాంట్లో 3,290తో బయల్దేరి 70 గజాల్లో కూడా 3,000 పైనే ఉంటుంది, ముందు చెప్పిన చిట్లిపోయే హద్దు అదే. రెండు జబ్బలూ నల్లటి గడ్డ రక్తంతో పోతాయి. ఇంట్లో ఉన్నది అదొక్కటే అయితే 165, 180 గ్రెయిన్ల బాండెడ్ పెట్టి ఎముకలు తప్పించి కొట్టండి. అసలు పెద్ద నష్టం దాని తన్నుడు. దానికి భయపడి ట్రిగ్గర్ నొక్కేముందు కన్ను మూసుకునేవాడు ఏ బుల్లెట్ పెట్టినా జింక పొట్టలోనే కొడతాడు.

బరువైన బుల్లెట్ కొమ్మల్ని నరుక్కుంటూ పోతుందన్న మాటా నమ్మకండి. సెడార్ రెమ్మ తగిలితే ప్రతి బుల్లెట్టూ దారి తప్పుతుంది. జింక ముందు రెమ్మ ఉంటే ఆగండి.

మీ చుక్కల దుప్పికి కాస్త వేరే లెక్క. 1932లో టెక్సాస్‌కి తెచ్చిన ఈ దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువే, హిల్ కంట్రీలో బాగా పెరిగింది. ఎగ్జాటిక్ (బయటి నుంచి తెచ్చిన జంతువు) కింద లెక్క కాబట్టి వేట సీజన్ అంటూ లేదు, లైసెన్సు మాత్రం కావాలి. మగది 150 నుంచి 250 పౌండ్ల దాకా ఉంటుంది, వైట్‌టెయిల్ కంటే కండ గట్టిది. .243తో కొట్టొచ్చు గానీ బాండెడ్ లేదా రాగి పెట్టండి, గురి ముందుకాలి వెనక మడతకి ఆనించి, కాస్త కిందికి పెట్టండి. గుండె కాళ్ల మధ్య కిందికి, ముందుకి ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ఇవి గుంపుగా తిరుగుతాయి. మంచి బుల్లెట్ అవతలికి దాటిపోతుంది, వెనకున్న ఆడదానికో పిల్లకో తగులుతుంది. గుంపు విడి ఒక్కటే కనిపించేదాకా ఆగాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కూడా అక్కడి కొన్ని రాంచ్‌లలో (పెద్ద పశువుల క్షేత్రాల్లో) ఉంది. అది వైట్‌టెయిల్ కంటే చిన్నది, 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ దానికీ చాలు. బహిరంగంగా మేస్తుంది కాబట్టి దూరం ఎక్కువ ఉంటుంది, అంతే తేడా. ఈ రెంటినీ మన దేశంలో వేటాడటం 1972 చట్టం ప్రకారం నేరం. ఇక్కడ రాసిందేదీ అక్కడికి వర్తించదు.

కొన్నాక చేయాల్సింది: మూడు రకాలూ ఒక్కో డబ్బా, అంటే ఇరవై తూటాలు చొప్పున తెచ్చి, వంద గజాల్లో బల్ల మీద ఇసుక సంచికి ఆనించి మూడేసి తూటాల గ్రూపులు కాల్చండి. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య బ్యారెల్ చేతికి వేడి తగలనంత చల్లారాలి, .243 బ్యారెల్ సన్నటిది, త్వరగా వేడెక్కి గ్రూపుని చెదరగొడుతుంది. అంగుళంన్నర లోపు పడేదాన్ని ఎంచుకుని, అదే లాట్ (ఒకే విడత తయారీ) నంబరున్న డబ్బాలు ఇంకో రెండు మూడు కొనండి. లాట్ నంబరు డబ్బా మీద అచ్చై ఉంటుంది. లాట్ మారితే గురి అంగుళమో రెండంగుళాలో మారొచ్చు. బ్రాండ్ మారితే తప్పకుండా మళ్లీ జీరో చేయాలి, అంటే ఎంచుకున్న దూరంలో గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేయాలి. సీసం బుల్లెట్ల నుంచి పూర్తి రాగికి మారుతుంటే ముందు రాగి మరకలు కరిగించే సాల్వెంట్‌తో బ్యారెల్ శుభ్రం చేసి మొదలుపెట్టండి, లేకపోతే గ్రూపు ఎందుకు చెడిందో తేలదు.

మీ దూరానికి సరిగ్గా 100 గజాల్లో జీరో చాలు. 150లో అంగుళం పైచిలుకు, 200లో మూడు మూడున్నర అంగుళాలు కిందికి పడుతుంది. ఈ జింక ప్రాణస్థానం ఈ అంచు నుంచి ఆ అంచుకి ఆరంగుళాలు అనుకుంటే 150 దాకా ఏమీ ఆలోచించకుండా కొట్టొచ్చు.

ఎక్కడ కొట్టాలి: పక్కకి నిలబడి ఉంటే ముందుకాలి వెనక అంచు గీత మీద, ఛాతీ ఎత్తులో కింద నుంచి మూడో వంతు. మీకు ఏటవాలుగా అవతలికి తిరిగి ఉంటే అవతలి ముందుకాలి దగ్గర బయటికి రావాలి అనుకుని గురి పెట్టండి. మీవైపు ఎదురుగా తిరిగి ఉంటే .243తో కొట్టొద్దు, ఆగండి. ఎత్తు బ్లైండ్ నుంచి కొడితే బుల్లెట్ పైన దిగి కింద బయటికొస్తుంది, ఆ కింది కన్నంలోంచే రక్తం కారుతుంది. సెడార్ పొదలు, సున్నపురాయి నేల మీద వెతకాలంటే ఆ కన్నం ఉండాలి, రెండో పక్కకి దాటే బుల్లెట్ కావాలనేది ఇందుకే. గుండెకి తగిలిన జింక కూడా వంద గజాలు పరిగెత్తొచ్చు. కొట్టిన చోట గులాబి రంగు నురగ రక్తం ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. చిక్కటి ముదురు ఎరుపు ఉంటే కార్జం, కొన్ని గంటలు ఆగి వెళ్లండి. పచ్చటి పసరు, వాసన ఉంటే పొట్ట, ఇంకా ఎక్కువ ఆగాలి. వెంటనే తరిమితే అది ఇంకా దూరం పోతుంది.

మాంసం దగ్గర: సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించని ముక్కలు రాలుస్తుంది. గాయం చుట్టూ రక్తం గడ్డకట్టిన కండనంతా, దాని మీద ఇంకో బెత్తెడు కండని కోసి పారేయండి. ఆ కండని కడిగి కీమాలో వేసే అలవాటు కొందరికి ఉంది, మిషన్‌లో వేస్తే సీసం మొత్తం కీమాలో కలిసిపోతుంది. చిన్నపిల్లలూ గర్భిణులూ తినే ఇల్లయితే 80, 85 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కే వెళ్లండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం. టెక్సాస్‌లో జింకకి అలాంటి నిబంధన లేదు.

రెండు ప్రమాదాలు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ ఛాంబర్‌లోకి దూరుతుంది, కాలిస్తే రైఫిల్ ముఖం మీద పేలుతుంది. రెండు రకాల రైఫిళ్లూ ఉన్న బ్లైండ్‌లో తూటా అడుగున చెక్కిన పేరు చదివే లోడ్ చేయాలి. ఇంకోటి, రోజూ సాయంత్రం అదే తూటాని లోడ్ చేసి, తీసి, మళ్లీ పెడుతూ ఉంటే బుల్లెట్ నెమ్మదిగా తూటాలోకి దిగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే దాన్ని వాడకండి.

మీరు అడగలేదు గానీ వీసా మీద ఉన్నవాళ్లకి ఇది బుల్లెట్ కంటే ముఖ్యం. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం దానికి ఒక మినహాయింపు. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. అల్మారాలో రైఫిల్, పక్కన సగం మిగిలిన తూటాల డబ్బా ఉన్నప్పుడు సెప్టెంబరు 1 నాటికి కొత్త లైసెన్సు చేతిలో ఉండాలి, వేట సీజన్ మొదలయ్యాక తీసుకుందాం అనుకోకూడదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.